14 నెలలు వెతికి ఒక్క పేరు తెచ్చారు, దీన్ని ఎన్నిక అంటారా?

సందేహాల తోమా
మాది బెంగళూరులో చిన్న తెలుగు ప్రెస్బిటేరియన్ (బిషప్పులు లేకుండా సంఘ పెద్దల సభలు నడిపే పద్ధతి) చర్చి సంఘం. 130 కుటుంబాలుంటాయి. సగం మంది కోలారు, అనంతపురం వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డవాళ్లు, మిగతా సగం కోస్తా నుంచి కంప్యూటర్ ఉద్యోగాలకు వచ్చినవాళ్లు. మా పాస్టరు, అంటే పాత అయ్యగారు, రిటైరై 14 నెలలైంది. ఆయన వెళ్లిన నెలలోనే సంఘ సమావేశం పెట్టి, కొత్త పాస్టరును వెతకడానికి ఏడుగురితో ఎంపిక కమిటీ వేసుకున్నాం. ఆ ఏడుగురూ ఆ రోజే నోటికి తాళం వేసుకున్నారు. ఎందరు దరఖాస్తు పెట్టారు, ఎవరిని చూశారు, ఎక్కడికి వెళ్లొచ్చారు, ఒక్క ముక్క బయటికి రాదు. మా ఆవిడ కూడా ఆ కమిటీలో ఉంది. రోజూ నా ఎదురుగా కూర్చుని ఇడ్లీ తినే మనిషి, అడిగితే "చట్నీ వేసుకోండి" అంటుంది.

మొన్న ఆదివారం ప్రకటనల్లో చదివారు. ఈ నెల మూడో ఆదివారం ఒకాయన కుటుంబంతో వచ్చి ప్రసంగిస్తారట. ఆరాధన చివర ఆశీర్వాదం కాగానే మేమంతా చేతులెత్తి ఆమోదించాలట. ఒక్క పేరే! వార్డు ఎన్నికకైనా పదిమంది నిలబడతారు. ముగ్గురి పేర్లు మా ముందు పెట్టి, ముగ్గురి ప్రసంగాలూ వినిపించి, నచ్చినవారిని ఎంచుకోండి అంటే వీళ్ల సొమ్మేం పోయింది? ఏడుగురు నిర్ణయించేసి, మిగతావాళ్లు తలూపడానికి ఓటు అని పేరెందుకు?

అకౌంట్స్ అక్క
ముందు మీ ఆవిడకు ఒక దండం. మా కమిటీలో ఒకాయన ఉండేవారు. సమావేశం ముగిశాక ఆయన చెప్పులు వేసుకునేలోపే విషయం ఊరంతా తెలిసేది.

ఎగ్మూరు ఏలీయా
మీకు ఒక్క పేరైనా ముందుగా చెప్పారు. మాది చెన్నైలో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. బిషప్ గారి దగ్గర నుంచి ఉత్తరం వస్తుంది. పాత అయ్యగారి సామాను ఎక్కిన లారీలోనే కొత్త అయ్యగారి సామాను దిగుతుంది. ఓటూ లేదు, గొడవా లేదు. సన్మానం శాలువాలు కూడా ఒకేసారి కొంటాం.

సందేహాల తోమా
అది బదిలీ, ఏలీయా గారూ. మా పద్ధతిలో సంఘమే పాస్టరుకు పిలుపునివ్వాలి. పిలిచేది మేమైనప్పుడు ఎవరిని పిలవాలో కూడా మేమే చూసుకోవాలి కదా.

వైట్‌ఫీల్డ్ బెంజి
ప్రెస్బిటేరియన్లందరిదీ ఒకే పద్ధతి అనుకోకండి. మా ఆఫీసులో ఐజ్వాల్ అబ్బాయి ఉన్నాడు. మిజోరంలో వాళ్ల ప్రెస్బిటేరియన్ సంఘాలకు పాస్టర్లను పంపేది సినడ్, అంటే వాళ్ల చర్చి పై సభ. ఒక్కో పాస్టరు కింద కొన్ని సంఘాలుంటాయి, ఆదివారం పనులు చాలావరకు పెద్దలే నడుపుతారు. మీ గొడవ చెబితే "పాస్టరును మీరే వెతుక్కుంటారా, పాపం" అన్నాడు.

కోలారు కుర్రాడు
తోమా అన్నా, ముగ్గురి పేర్లు కావాలన్నారు. మా సంఘంలో మేం తెచ్చాం. ఏమైందో చెబుతాను.

మొదటి ఆదివారం వచ్చినాయనది రాజమండ్రి వైపు. రెండో ఆయనది కదిరి. మూడో ఆయనకు 31 ఏళ్లు, గిటారు వాయిస్తాడు. మూడు వారాల్లో సంఘం మూడు ముక్కలైంది. గోదావరి వాళ్లు ఎడమ బెంచీల్లో, సీమ వాళ్లు కుడి బెంచీల్లో, యవనస్థులు బయట మెట్ల మీద. ఓటుకు ముందు రోజు రాత్రి పదకొండు దాకా ఇంటింటికీ ఫోన్లు. ఒక పెద్దాయన వ్యాను మాట్లాడి, మూడేళ్లుగా గుడి గడప తొక్కని సభ్యులను సర్జాపూర్ నుంచి ఎక్కించుకొచ్చాడు. ఓట్లు 61, 54, 38. లెక్క వేయండి. 92 మంది వేరే మనిషిని కోరుకున్న సంఘానికి 61 వచ్చినాయన కాపరి అయ్యాడు. ఆ 54 మందిలో చాలామంది నెల తిరక్కుండా వెళ్లిపోయి, కిరాణా కొట్టు పైన హాలు అద్దెకు తీసుకున్నారు. ఇప్పటికీ పైన వాళ్ల ఆరాధన, కింద ఉల్లిపాయల బస్తాలు.

గెలిచినాయన మంచివాడే. కానీ రెండేళ్లపాటు ఏ ఇంటికి ప్రార్థనకు వెళ్లినా, వీళ్లు నాకు ఓటు వేశారా లేదా అన్నదే ఆయన మనసులో ఉండేదట. తర్వాత నాతో చెప్పుకున్నారు.

లాల్‌బాగ్ లేయా
ఒక్క ప్రసంగం విని కాపరిని ఎంచుకోవడమంటే, పెళ్లిచూపుల కాఫీ తాగి కాపురం ఎలా ఉంటుందో చెప్పడమే. ఎవరైనా తమ దగ్గరున్న వాటిలో మేలైన ప్రసంగాన్నే తెచ్చుకుంటారు.

కోలారు కుర్రాడు
పెళ్లిచూపుల్లో కనీసం ఉప్మా పెడతారు. మా కదిరి ఆయనకు మంచినీళ్లు కూడా ఇవ్వకుండా బస్సెక్కించారు.

తిరిగొచ్చిన పక్షి
అమెరికాలో మేం వెళ్లిన సంఘం పీసీయూఎస్ఏ (అక్కడి ఒక ప్రెస్బిటేరియన్ డినామినేషన్, అంటే చర్చి శాఖ) వాళ్లది, ఒహాయోలో. అక్కడ ఇలాంటి కమిటీలో కూర్చున్నాను. తోమా గారూ, అక్కడ కూడా చివరికి సంఘం ముందుకు వచ్చేది ఒక్క పేరే. స్కాట్లాండు చర్చిలోనూ అంతే.

అక్కడ పాస్టరు వెళ్లిపోగానే పెద్దల సభకు అధ్యక్షత వహించడానికి ప్రెస్బిటరీ (ఆ ప్రాంతంలోని సంఘాల పాస్టర్లు, పెద్దలు కూర్చునే పై సభ) బయటి పాస్టరు ఒకరిని పెడుతుంది. కమిటీని పెద్దలు నియమించరు, సంఘమే ఎన్నుకుంటుంది. ఆ తర్వాత వెంటనే వెతకడం మొదలుపెడతామనుకున్నాను నేను. కాదు. ముందు మీ గురించి మీరు రాయండి అన్నారు. మీరెవరు, ఎంతమంది ముసలివాళ్లు, ఎంతమంది పిల్లలు, డబ్బు ఎంత, పోట్లాటలు దేని మీద. అది రాయడానికే మాకు అయిదు నెలలు పట్టింది. పోట్లాటల దగ్గరే మూడు నెలలు ఆగిపోయాం. పాస్టర్లు కూడా తమ గురించి అలాంటి ఫారమే నింపుతారు. ఇటు ఫారాన్నీ అటు ఫారాన్నీ కలిపి చూసే ఏర్పాటు డినామినేషనే నడుపుతుంది. జాతకాలు కలపడమే, పంతులుగారు మాత్రం కంప్యూటర్.

ఆ తర్వాత ఫోన్లు, తెలిసినవాళ్లను వాకబు చేయడాలు. ఆ పాస్టరు మీద ఏదైనా ఫిర్యాదు ఉందా అని మా ప్రెస్బిటరీ వాళ్లు ఆయన ప్రెస్బిటరీని అడుగుతారు. చివర్లో ఆయన తన సంఘంలోనూ కాక మా సంఘంలోనూ కాక మూడో చోట ప్రసంగిస్తే మేం వెళ్లి వింటాం. ఎవరికీ తెలియకూడదని వేర్వేరు బెంచీల్లో కూర్చున్నాం. ఆ పల్లెలో ఆదివారం నలభై మంది వస్తారేమో. మేం తొమ్మిదిమందిమి, అందులో నేనొకణ్ణి, కొరియా ఆయన ఒకరు. తలుపు దగ్గర పెద్దావిడ నా చేతిలో ఆరాధన క్రమం కాగితం పెడుతూ, "మీ కమిటీ వాళ్లు అప్పుడే ముగ్గురు లోపల కూర్చున్నారు బాబూ" అంది.

అకౌంట్స్ అక్క
పెద్దావిడే అసలు ప్రెస్బిటరీ.

సందేహాల తోమా
మా వాళ్లు కూడా రాసుకున్నారు. నోటీసు బోర్డు మీద పెట్టిన కాగితం ఇదీ. వయసు 35 నుంచి 45. అనుభవం 15 ఏళ్లు. వేదాంత విద్యలో బి.డి. గాని, ఎం.డివ్. గాని ఉండాలి. తెలుగులో, ఇంగ్లీషులో ప్రసంగించాలి, కన్నడ మాట్లాడాలి. యవనస్థులను ఆకర్షించాలి, వృద్ధులను దర్శించాలి. భార్య పరిచర్యలో తోడ్పడాలి. కీబోర్డు వస్తే మంచిది.

వైట్‌ఫీల్డ్ బెంజి
నీటి మీద నడవడం రాయలేదా?

మల్లేశ్వరం మార్తా
"భార్య తోడ్పడాలి" అన్న లైను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా వాళ్లు ఒక పాస్టరుగారి భార్యను స్త్రీల సమాజం నడుపుతారా, సండే స్కూలు చూస్తారా, పాటలు వచ్చా అని గంటసేపు అడిగారు. ఆవిడ బ్యాంకులో అధికారి. అంతా విని, "నాకు జీతం ఎంత ఇస్తారు?" అని నెమ్మదిగా అడిగింది. ఆ దెబ్బతో ఇంటర్వ్యూ ముగిసింది. స్కాట్లాండు చర్చి 1968లోనే స్త్రీలను పాస్టర్లుగా ఒప్పుకుంది. మనం ఇంకా కీబోర్డు దగ్గరే ఉన్నాం.

అకౌంట్స్ అక్క
అసలు ఆ కాగితంలో జీతం ఏది?

సందేహాల తోమా
"తర్వాత మాట్లాడుకుందాం" అని.

అకౌంట్స్ అక్క
అనుకున్నాను. తోమా గారూ, ఒక పేరా మూడు పేర్లా అని కొట్టుకునే బదులు ముందు ఇది అడగండి. ఓటు వేసేది మనిషికి మాత్రమే కాదు. జీతం, ఇల్లు, సెలవులు, వైద్యఖర్చు, పదవీ విరమణ నిధి, ఇవన్నీ పిలుపులో భాగం. వాటిని సమావేశంలో పైకి చదివి ఆమోదించుకోవాలి. మేం ఒకసారి చదవలేదు. అయ్యగారు వచ్చారు. క్వార్టర్సు పైకప్పు కారుతుంటే బయట ఇల్లు చూసుకోమన్నారు. బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్సు! ఎవరు కట్టాలి? సంఘమే కడుతుందని ఆయన అనుకున్నారు, ఆయనే కడతారని పెద్దలు అనుకున్నారు. చివరికి అమ్మగారి గాజులు తాకట్టుకు వెళ్లాయి. కోశాధికారిగా ఆ సంగతి నాకు ఆరు నెలల తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఆవిడ చేతులు చూడలేను.

పాస్టరుగారబ్బాయి
రహస్యం ఎందుకని అడుగుతున్నారు కాబట్టి అవతలి గట్టు నుంచి చెబుతాను.

నాకు పదమూడేళ్లప్పుడు చెన్నైలోని ఒక సంఘం నాన్నగారిని చూడాలనుకుంది. మేమప్పుడు నెల్లూరు జిల్లాలో ఉన్నాం. ఆ కమిటీలో ఒకాయన మా ఊళ్లో ఉన్న బావమరిదికి ఫోను చేసి, "మీ పాస్టరు ఎలాంటివాడు?" అని అడిగాడు. అంతే. ఆ ఆదివారం గుడి బయట ఒక పెద్దమనిషి నవ్వుతూ, "పెట్టెలు సర్దుతున్నారట అయ్యగారూ" అన్నారు. తర్వాతి నెల కానుకల సంచి తేలికైపోయింది. గోడకు సున్నం వేయిద్దామంటే, "ఉండేవాళ్లు వచ్చాక వేయించుకుంటారులెండి" అన్నారు. చెన్నైవాళ్లు ఆఖరికి వేరొకరిని తీసుకున్నారు. నాన్నగారు మరో రెండేళ్లు అక్కడే ఉన్నారు. అమ్మ అటక మీద నుంచి దింపిన ట్రంకు పెట్టెను మళ్లీ పైకి ఎక్కించలేదు, దాని మీద దుప్పటి కప్పి బల్లలా వాడింది. నేను పదో తరగతి దాని మీదే చదివాను.

మూడు పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టండి, తోమా గారూ. రెండు ఇళ్లలో ట్రంకు పెట్టెలు దిగుతాయి.

సందేహాల తోమా
దీనికి నా దగ్గర జవాబు లేదు. రహస్యం సంగతి ఒప్పుకున్నాను. అయినా ఒక్క పేరు మీద ఓటు అంటే నాకు ఇంకా మింగుడుపడలేదు.

బెంచీ మీద మాస్టారు
రిటైరైన చరిత్ర మాస్టారిని, ఓపిక ఉంటే చదవండి. స్కాట్లాండులో 1560 నాటి సంస్కర్తలే పాస్టరును ఎన్నుకోవడం సంఘం హక్కు అని రాసుకున్నారు. కాగితం మీద రాసుకున్నంత మాత్రాన జరగదు కదా. ఊరి భూస్వామి తనకు నచ్చినవాణ్ణి పెట్టే ఆనవాయితీ వస్తూ పోతూ ఉండేది. 1712లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి ఆ అధికారాన్ని భూస్వాములకు తిరిగి కట్టబెట్టింది.

1834లో చర్చి మహాసభ, కుటుంబ పెద్దల్లో ఎక్కువమంది వద్దంటే ఆ మనిషిని ప్రెస్బిటరీ తిరస్కరించాలని నియమం పెట్టింది. ఆ ఏడే ఆక్టరార్డర్ అనే ఊరికి అక్కడి భూస్వామి కిన్నూల్ ప్రభువు, రాబర్ట్ యంగ్ అనే ఆయనను పాస్టరుగా పంపాడు. అప్పుడూ ఒక్క పేరే, తోమా గారూ! పిలుపు పత్రం మీద సంతకం పెట్టిన ఊరివాళ్లు ఇద్దరు. కుటుంబ పెద్దలు 330 మందిలో వద్దన్నవారు 287 మంది. కేసు కోర్టుకెక్కి 1839లో బ్రిటిష్ పార్లమెంటులోని ప్రభువుల సభ దాకా వెళ్లింది. తీర్పు భూస్వామి పక్షానే వచ్చింది. అది రగిలి రగిలి 1843 మే 18న ఎడిన్‌బరోలో చర్చి రెండుగా చీలింది. థామస్ చామర్స్ వెంట 474 మంది పాస్టర్లు జీతాలు, ఇళ్లు వదులుకుని బయటికి నడిచి ఫ్రీ చర్చి పెట్టుకున్నారు. భూస్వాముల పెత్తనం 1874లో గాని పోలేదు.

ఆక్టరార్డర్ వాళ్లు మూడు పేర్లు అడగలేదు. తాము వద్దన్న మాట చెల్లాలి అన్నారు, అంతే. కాబట్టి మీరు పోట్లాడవలసింది మీ "వద్దు" చెల్లుతుందా లేదా అన్న దాని మీద.

ఎగ్మూరు ఏలీయా
మాస్టారూ, ఆ గొడవ సెగ మా మద్రాసుకూ తగిలింది. 1837లో ఇక్కడ బడి పెట్టిన స్కాట్లాండు మిషనరీ జాన్ ఆండర్సన్ 1843లో ఫ్రీ చర్చి వైపు వెళ్లాడు. ఆ బడే ఎదిగి మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అయింది. మా ఎగ్మూరులో 1821 నాటి సెయింట్ ఆండ్రూస్ కర్క్ (స్కాట్లాండు మాటలో చర్చి) కూడా ఆ దేశం వాళ్లు కట్టుకున్నదే. 1947లో సీఎస్ఐ ఏర్పడినప్పుడు అందులో కలిసిన వాళ్లలో ప్రెస్బిటేరియన్ వారసులూ ఉన్నారు. అంటే మా తాతలు ఓటు వేసేవాళ్లే. మేం లారీ కోసం ఎదురు చూస్తున్నాం.

మల్లేశ్వరం మార్తా
మాస్టారూ, హక్కు ఉంది సరే, వాడేదెవరు? ఆయన భార్యాబిడ్డలతో ముందు బెంచీలో కూర్చుని ఉంటే, చిన్నపిల్ల వెనక్కి తిరిగి మనల్ని చూసి నవ్వుతుంటే, "వ్యతిరేకించేవాళ్లు చేతులెత్తండి" అనగానే ఎత్తే మొనగాడు ఎవరు? అది ఆమోదం కాదు, మొహమాటం.

తిరిగొచ్చిన పక్షి
నిజం. ఒహాయోలో ప్రసంగం కాగానే ఆయనను, కుటుంబాన్ని కాఫీకి పక్క హాలుకు పంపేశారు. మాకు చీటీలు పంచారు. లెక్కపెట్టినవాళ్లలో కమిటీ సభ్యులు ఎవరూ లేరు.

బెంచీ మీద మాస్టారు
తోమా గారూ, మీరు పట్టుబట్టాల్సింది ఇక్కడే. చీటీలు.

వైట్‌ఫీల్డ్ బెంజి
ఒక అనుమానం. ఓటేసి తెచ్చుకున్నాక నచ్చకపోతే మళ్లీ ఓటేసి పంపించేయవచ్చా?

తిరిగొచ్చిన పక్షి
అక్కడైతే కుదరదు. పాస్టరు సభ్యత్వం సంఘంలో ఉండదు, ప్రెస్బిటరీలో ఉంటుంది. సంఘం ఓటేసినా ప్రెస్బిటరీ ఒప్పుకుంటేనే పిలుపు ఖాయం. విడిపోవాలన్నా సంఘమో పాస్టరో ప్రెస్బిటరీనే అడగాలి. సంఘం, పాస్టరు, ప్రెస్బిటరీ, మూడు ముళ్లూ పడాలి.

కోలారు కుర్రాడు
నా సలహా ఒకటే. పేరు తెచ్చే ముందు కమిటీ ఆ మనిషి పనిచేసే చోటికి మామూలు రోజున వెళ్లాలి, ఆదివారం కాదు. గుడి వాచ్‌మన్‌ను అడగాలి. పాస్టరు ఎలాంటివాడో వాచ్‌మన్‌కు తెలిసినంత బిషప్‌కు కూడా తెలియదు.

లాల్‌బాగ్ లేయా
అడిగాం.

కోలారు కుర్రాడు
ఎవరు? మీరూ ఒక కమిటీలో ఉన్నారా అక్కా?

లాల్‌బాగ్ లేయా
ఉన్నాను. ఇడ్లీ తినే మనిషిని నేనే.

అకౌంట్స్ అక్క
అయ్యో తోమా గారూ!

లాల్‌బాగ్ లేయా
పేర్లు చెప్పను, లెక్క చెబుతాను. 23 దరఖాస్తులు. అందులో ఆరుగురికి తెలుగు రాదు. తొమ్మిదిమందితో ఫోనులో మాట్లాడాం. నాలుగు ఊళ్లకు వెళ్లాం. నేను "అక్క కూతురి సీమంతం" అని వెళ్లింది సీమంతానికి కాదు, క్షమించాలి. ఒక ఊళ్లో గురువారం సాయంత్రం చేరాం. గుడి తాళం వేసి ఉంది. వాచ్‌మన్ అరుగు మీద కూర్చుని వేరుశెనగలు ఒలుస్తున్నాడు. అయ్యగారు ఏరీ అంటే, "మా మామకు ఆపరేషను, ఆసుపత్రిలో రాత్రి ఆయనే కూర్చుంటున్నారు, మీరు రేపు రండి" అన్నాడు. ఆ మామ సంఘస్థుడు కూడా కాదట. మేం మర్నాడు వెళ్లలేదు, అవసరం లేదనిపించింది. ప్రసంగాలంటారా, 14 నెలలుగా ఆదివారానికొకరు చొప్పున వింటూనే ఉన్నాం. బైబిల్లోని తప్పిపోయిన కుమారుడు మూడుసార్లు తిరిగొచ్చాడు.

చేతులెత్తడం గురించి మార్తా అన్నది నాకు తట్టలేదు. చీటీల మాట కమిటీలో పెడతాను. జీతం సంగతి కూడా. కీబోర్డు లైను రాసింది నేను కాదు.

సందేహాల తోమా
సీమంతానికని నా చేత వెండి గిన్నె కొనిపించావు.

లాల్‌బాగ్ లేయా
బీరువాలో ఉంది.

సందేహాల తోమా
మూడో ఆదివారం అయింది. అడిగినవాళ్లందరి కోసం రాస్తున్నాను. ఆశీర్వాదం కాగానే ఆయన కుటుంబాన్ని పక్క గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు, కోలారు తమ్ముడి పుణ్యమా అని ఉప్మా కూడా. జీతం, ఇల్లు, సెలవులు పైకి చదివారు. అడ్వాన్సు సంఘమే కడుతుందని మినిట్స్‌లో రాయించాం. చీటీలు పంచి కానుకల సంచుల్లోనే వసూలు చేశారు. మొత్తం 141. అవును 118, కాదు 21, చెల్లనివి రెండు. ఒకటి ఖాళీది, రెండోదాని మీద "పాత అయ్యగారే కావాలి" అని వణికే చేతిరాత. ఇక ప్రెస్బిటరీ ఒప్పుకోవాలి.

కోలారు కుర్రాడు
ఆ 21లో మీరొకరని నా పందెం, అన్నా.

సందేహాల తోమా
ఇంట్లోనూ రాత్రి నుంచి ఇదే ప్రశ్న. చట్నీ వేసుకోమన్నాను.